సబ్బుపెట్టె పుస్తకాలు

మొన్న గంధం సబ్బు కొత్తది విప్పి, ఖాళీ అట్టపెట్టె ముక్కు దగ్గర పెట్టుకుని వంటింట్లో అలాగే నిలబడిపోయాను. "సబ్బుండగా అట్ట వాసన చూస్తావేంటమ్మా?" అని మా అమ్మాయి ఆటపట్టించింది. దానికేం తెలుసు? ఆ వాసనకి నాకు బాపట్ల గుర్తొస్తుంది. మా పక్కవాటాలో ఉండే రత్నమ్మత్తయ్య గుర్తొస్తుంది.

అది ఎనభైల చివర. ఇంటర్ లెక్కల్లో నేను రెండుసార్లు తప్పాను. ఫలితాల పేపర్లో నా ముందు నంబరూ ఉంది, వెనక నంబరూ ఉంది, నాదే లేదు. నాన్న కోప్పడినా బాగుండేది. "సెప్టెంబర్లో ఇంకొక్కసారి రాయమ్మా. కాకపోతే కుట్టుమిషను కొనిస్తాను" అన్నారు మెల్లగా. వీధిలోకి వెళితే, తెలిసి కూడా "ఎన్ని మార్కులమ్మా?" అని అడిగే మహాతల్లులుండేవాళ్ళు. గడప దాటడం మానేశాను. లెక్కల పుస్తకం తెరిచి, వెంటనే మూసేసేదాన్ని. ఆ ఒక్క పేపరు గట్టెక్కకపోతే నా చదువు అక్కడితో సరి.

అత్తయ్య పేరాల నేతగాళ్ళ ఇంటి ఆడపడుచు. సబ్బు పెట్టె, టీపొడి పెట్టె, బిస్కెట్ల అట్ట, ఏదీ పారెయ్యనిచ్చేది కాదు. వాటిని కత్తిరించి అరచేతిలో ఇమిడే పుస్తకాలు చేసేది. లోపలికి పాత శుభలేఖల ఖాళీ వైపు, క్యాలెండరు కాయితాల వెనక వైపు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న మిగులు నూలుతో కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించేది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇచ్చేది. చర్చిలో పాటలు రాసుకోవడానికి టీచరమ్మకొకటి, ఊరగాయ కొలతలు రాసుకోవడానికి మా అమ్మకొకటి. ఓ మధ్యాహ్నం మా గుమ్మంలోకి వచ్చి, "ఏంటమ్మాయ్, బల్లిలా గోడకతుక్కుపోయావు? చేతులు ఖాళీయేగా, రా" అని లాక్కుపోయింది.

మొదటి అట్ట మడిచీ మడవగానే ఫెళ్ళున పగిలింది. రెండోదీ అంతే. "చీరలో నిలువు పోగుల్లా అట్టకీ పడుగుంటుందే. ముందు అటూ ఇటూ వంచి చూడు. ఎటు తేలిగ్గా వంగితే అటు మడువు" అంది. మూడో రోజుకి నా అట్టలు పగలడం మానేశాయి. చాలా కాలానికి నా చేతిలో ఒక పని సరిగ్గా అయింది. చెప్పుకోవడానికి సిగ్గుగానీ, ఏడ్చేశాను.

అప్పుడొక పుస్తకం నా చేతిలో పెట్టింది. "ఇందులో పేజీకి ఒక్క లెక్కే పడుతుంది. ఒక్కటే చెయ్యి." వారం బాగానే నడిచింది. ఎనిమిదో రోజు ఒక లెక్క ఎంతకీ రాక, పుస్తకం మొత్తం పర్రున చింపేశాను. అత్తయ్యకి అంత కోపం రావడం అప్పుడే చూశాను. "తప్పింది ఒక్క పేజీ కదే! మిగతావేం చేశాయి? మా ఇంట్లో పోగు తెగితే ఆ పోగు అతికేవాళ్ళు, చీర తగలెట్టేవాళ్ళు కాదు." మర్నాడు ఇంకో పుస్తకం ఇచ్చింది. తను కుడుతూ, చేసిన ప్రతి లెక్కా చెప్పమనేది. "నీకర్థం కాదత్తయ్యా" అంటే, "అర్థమయ్యేలా చెప్పు మరి" అనేది. ఆవిడ చదివింది ఐదో తరగతి. ఆవిడకి చెప్పబోతే, నాకెక్కడ అర్థం కాలేదో నాకే తెలిసేది. పరీక్ష నాటికి పదకొండు పుస్తకాలు నింపాను.

ఈసారి పేపర్లో నా నంబరుంది. అప్పటికి అత్తయ్య కూతురి పురుటికని రేపల్లె వెళ్ళింది. ఆగలేక బస్సెక్కాను. వెళ్ళేసరికి అక్కడా మైదా జిగురు చేతులతోనే ఉంది.

"పాసయ్యానత్తయ్యా!"

కొంగుకి చేతులు తుడుచుకుని నా బుగ్గలు పుణికింది. "తప్పినా వచ్చేదానివా?" అంది.

తల దించుకున్నాను. వచ్చేదాన్ని కాదు.

"అప్పుడే రావాలే పిచ్చిదానా. పాసైతే ఎవరింటికైనా వెళ్ళొచ్చు."

అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. నేను తెనాలిలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. ఫలితాలొచ్చిన రోజు పాసైనవాళ్ళు స్వీట్లు పట్టుకుని మా ఇంటికొస్తారు. వాళ్ళని పంపించేసి, రానివాళ్ళ చిరునామాలు తీస్తాను. ఈ ఏడూ అలాగే ఒక తలుపు తట్టాను.

"పడుకుందండీ. ఎవరితోనూ మాట్లాడదట" అంది ఆ పిల్ల తల్లి, ఇబ్బందిగా.

"ఫర్వాలేదండీ" అని కుర్చీ లాక్కున్నాను. "లేచేదాకా కూర్చుంటాను."