హారిసన్ ఇంట్లో చారల స్టూలు

పోయిన నెలలో ఒక భోజనాల బల్ల తెచ్చుకుందామని సిడ్నీ నుంచి కాన్‌బెర్రా వెళ్లాం. అక్కడ హారిసన్ అనే పేటలో ఉండే ప్రకాశం అంకుల్ ఫోన్ చేసి, "మా రోజ్‌వుడ్ టేబుల్ ఇచ్చేస్తున్నాం మాధవీ, మీకు కావాలా?" అన్నారు. ఆయన రిటైరైన ప్రొఫెసర్, భారతి ఆంటీ రిటైరైన డాక్టర్. కాన్‌బెర్రా యూనిలో చదివేటప్పుడు ఆ బల్ల దగ్గర నేను తిన్న భోజనాలకి లెక్కలేదు. దాని మీద వేడి గిన్నె పెడితేనే ఆంటీ ఒప్పుకునేవారు కాదు. అలాంటిది ఇచ్చేస్తున్నారంటే నమ్మబుద్ధి కాలేదు.

శనివారం పొద్దున్నే వెనక సామాన్ల తొట్టి ఉండే స్నేహితుడి యూట్ బండి అడిగి తీసుకుని, నేనూ మా ఆయన కిరణ్ సిడ్నీలో మేముండే ద పాండ్స్ నుంచి బయల్దేరాం. సిడ్నీ మోటర్‌వే టోల్ దాటాక దారంతా ఉచితమే. గౌల్‌బర్న్‌లో కాఫీకి ఆగినా నాలుగు గంటల్లో చేరిపోవచ్చు. అక్కడ పెట్రోల్ పోసుకుంటుంటే బంకు కుర్రాడు మా ఖాళీ యూట్ చూసి, తిరుగు ప్రయాణంలో గాలి ఎక్కువగా ఉంటుందనీ, సామాను గట్టిగా కట్టుకోమనీ చెప్పాడు.

అంకుల్ తలుపు తీయగానే గుమ్మంలోనే ఆగిపోయాను. ఒకప్పుడు అన్నీ గోధుమ రంగు సామాన్లతో ఉండే హాలు అది. ఇప్పుడు పసుపు బంతుల కాళ్ల మీద ఎర్ర సోఫా, అరలన్నీ ఏటవాలుగా ఉన్న పుస్తకాల బీరువా, గులాబీ రంగు త్రికోణం టీపాయ్. వంటింటి దారి మొదట్లో నలుపు తెలుపు చారల గుండ్రటి స్టూలు.

"ఎనభైల్లో ఇటలీలో కొందరు డిజైనర్లు ఇలాంటివి సరదాకి మొదలుపెట్టారట. కొన్ని అక్కడివే, సెకండ్‌హ్యాండ్‌లో దొరికాయి. మిగతావి ఇక్కడే చేయించాం. సెలక్షన్ అంతా మీ ఆంటీదే," అన్నారు అంకుల్.

కిరణ్ నా చెవిలో, "ఆంటీకి ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. నాకూ అదే భయం వేసింది. కానీ ఆంటీ ఎప్పటిలాగే నవ్వుతూ వచ్చి, నా చెయ్యి పట్టుకుని, చిక్కిపోయానని కోప్పడి, కాఫీ కలపడానికి లోపలికి వెళ్లారు.

గ్యారేజ్ నుంచి బల్లని హాలు మీదుగా తేవాలి. దారికి అడ్డంగా ఉందని కిరణ్ ఆ చారల స్టూలు తీసి గోడ వారగా పెట్టాడు. అప్పుడే ఆంటీ ట్రేతో వచ్చారు. స్టూలు ఉండాల్సిన చోట ట్రే దించారు. కప్పులు నేల మీద పడి ముక్కలయ్యాయి. వేడి కాఫీ ఆవిడ పాదాల మీద చిందింది.

ఆవిడ కదల్లేదు. "నా స్టూలు ఎవరు తీశారు?" అన్నారు నెమ్మదిగా.

కిరణ్ ఆవిడకి రెండడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు. ఆవిడ అంకుల్ ఉన్న వైపు చూస్తూ అడుగుతున్నారు.

అంకుల్ ఆవిడ పాదాల మీద చల్లనీళ్లు పోస్తూ చెప్పారు. రెండేళ్లుగా ఆంటీకి చూపు తగ్గిపోతోంది. ముఖాలు కనిపించవు. గాఢమైన రంగులు, చారలు మాత్రం తెలుస్తాయి. రోజ్‌వుడ్ బల్ల మూల నేల రంగులో కలిసిపోయి, ఆవిడ నడుముకి రెండుసార్లు గట్టిగా తగిలింది.

"ఎవరికీ చెప్పలేదేం ఆంటీ?" అన్నాను.

"చెప్తే అందరూ పేషెంట్‌ని చూసినట్టు చూస్తారమ్మా. ఒకసారి మెల్‌బోర్న్‌లో ఎగ్జిబిషన్‌కి వెళ్లాం. ఈ ఎర్ర సోఫా లాంటిది ఒకటి ఉంది, దూరం నుంచే కనిపించింది. ఐ జస్ట్ స్టుడ్ దేర్ అండ్ క్రైడ్. ఇన్నేళ్లూ ఆ చెక్క రంగు మధ్యనే బతికాను. ఎరుపంటే నాకింత ఇష్టమని తెలియనే తెలియదు."

అంకుల్ ముక్కలు ఏరుతూ, "నాకైతే సర్కస్‌లో ఉన్నట్టుంటుంది. కానీ ఇవి వచ్చాక తను ఇంట్లో నా చెయ్యి పట్టుకోవడం మానేసింది. అదొక్కటే లోటు," అన్నారు. ఆంటీ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

మధ్యాహ్నం భోంచేసి, బల్ల కట్టుకుని బయల్దేరాం. మేం వాళ్లింటికి వెళ్లగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని చిక్కిపోయావన్నది నన్ను చూసి కాదు, మణికట్టు తడిమి. అది తట్టేసరికి గౌల్‌బర్న్ దాటేశాం.

ఈ దారిలో వెళ్లేవాళ్లు చీకటి పడకముందే చేరేలా బయల్దేరండి, కంగారూలు అడ్డొస్తాయి. ఎవరింటికి వెళ్లినా అడగకుండా స్టూలు కూడా జరపకండి.