అత్తగారూ ఆయిల్ లైటూ

మొన్న మాచర్లలో దగ్గరివాళ్ళ పెళ్ళికి మా కోడలు కారు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని నరసరావుపేట నుంచి బయల్దేరాను. పిడుగురాళ్ల ఇంకా దాటామో లేదో, స్టీరింగ్ వెనక ఒక ఎర్ర లైటు వెలిగింది. నూనె డబ్బా ముక్కులోంచి చుక్క జారుతున్నట్టుండే ఆ బొమ్మను చూడగానే ఆపు, ఆపు అని అరిచాను. కోడలు మాత్రం ఏ కంగారూ లేకుండా బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, ఫోను చేసింది. కాసేపటికి కారు కంపెనీ మనిషి ఒకతను వచ్చి, ఒక చిన్న మిషన్‌ను స్టీరింగ్ కింద గుచ్చి, తెర మీద అంకెలు చూసి, ఆ తర్వాత ఇంజన్‌కే ఒక మీటరు బిగించి సరిచూసుకుని, ఆయిల్ బాగానే తిరుగుతోందండీ, ప్రెషర్ సెన్సార్ పోయింది, అంతే అని తేల్చేశాడు. ఎదురుగా ఉన్న బంకులో మేము టీ తాగేలోపు కొత్తది బిగించడం కూడా అయిపోయింది, మేము తలంబ్రాల వేళకు పెళ్ళిలో ఉన్నాం. అక్కడ ఎవరెవరో పలకరిస్తున్నారు, నేనూ నవ్వుతూనే ఉన్నాను గాని, నా మనసు మాత్రం ముప్పయ్యేళ్ళ కిందటి పిడుగురాళ్లలోనే, అచ్చం ఇలాంటి ఎర్ర లైటు దగ్గరే ఆగిపోయి ఉంది.

నేను కాపురానికి వచ్చింది ఆ సున్నం బట్టీల ఊరికే. మామగారికి ఊరి బయట బట్టీ ఉండేది, ఇల్లు దానికి కూతవేటు దూరం. గాలి ఎటు వీచినా తెల్లటి పొడి వచ్చి అరుగు మీదా, ఆరేసిన బట్టల మీదా, మూత పెట్టని గిన్నెల్లోనూ వాలుతుండేది, అందుచేత మా ఇంట్లో రంగు చీర కట్టినా తెల్ల చీర కట్టినా సాయంత్రానికి ఒకటే. పెళ్ళయిన కొత్తలో రోజుకు నాలుగుసార్లు ఊడ్చి, ఇక నా వల్ల కాదని మానేశాను. అప్పటికే నాకు గురజాల అవతల ఒక ఊళ్ళో టీచరు ఉద్యోగం. రెండు బస్సులు మారాలి, అందులో రెండోది దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. చీకటి పడ్డాక ఇల్లు చేరేసరికి మూడేళ్ళ మా వాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయి ఉండేవాడు. ఉద్యోగం మానెయ్యమని మామగారు నేరుగా అనేవారు కాదు, కానీ రోజూ భోజనాల దగ్గర ఊళ్ళో ఎవరెవరి కోడళ్ళు ఎంత హాయిగా ఇంటిపట్టున ఉంటున్నారో వర్ణించేవారు. మా ఆయన తల వంచుకుని అన్నం కలుపుకునేవారు.

ఇంట్లో ఒక పాత డీజిల్ కారు ఉండేది, బట్టీ పనికి వారంలో రెండు రోజులు కదిలేది. పాపం మా ఆయన మాట్లాడలేకపోయినా పని చేసి చూపించే మనిషి, ఆదివారాల పూట బట్టీ వెనక బయలులో నాకు డ్రైవింగ్ నేర్పించారు. మూడు నెలలకు లైసెన్సు కూడా వచ్చింది. మామగారు గొణిగారు. అత్తగారు అవుననలేదు, కాదనలేదు, మా ఇంట్లో అది అవునన్నట్టే లెక్క. ఆవిడ మాట మహా కటువు, మెచ్చుకోవడమంటే తన సొమ్మేదో పోతుందన్నట్టుండేవారు. ఆ రోజుల్లో ఆవిడంటే నాకు భయమే తప్ప ప్రేమ లేదు, ఉన్నమాట చెప్పడానికి ఇప్పుడు మొహమాటమెందుకు?

కారు తీసుకుని బడికి వెళ్ళడం మొదలుపెట్టిన నెలకల్లా పొద్దు ఉండగానే ఇంటికి చేరి, మా వాడికి నా చేత్తో అన్నం పెట్టగలిగాను. ఆ సంతోషం ఎంతటిదో బస్టాండుల్లో పడిగాపులు పడ్డవాళ్ళకే తెలుస్తుంది. దసరా సెలవులు అయ్యాక మళ్ళీ బడికి బయల్దేరిన వారంలోనే, తిరిగి వస్తుండగా, ఎర్ర లైటు వెలిగింది. అది వెలిగితే మరుక్షణం ఇంజన్ ఆపమని మా ఆయన వెయ్యిసార్లు చెప్పి ఉన్నారు కాబట్టి ఆపేశాను. చెవి పెట్టి విన్నాను కూడా, ఆపేముందు ఇంజన్‌లో తేడా చప్పుడేమీ లేదు. అయినా ఏం లాభం, కారు ట్రాక్టరు వెనక తాడుకు కట్టుకుని ఊళ్ళోకి వస్తుంటే చూడనివాడు పాపాత్ముడు.

ఇంటి ముందే బానెట్ ఎత్తారు. మెకానిక్ మామగారికి వరసకు తమ్ముడే, చిన్నమామ అని పిలిచేవాళ్ళం. ఆయన ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే ఆయిల్ నిండుగా ఉంది. స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు, కానీ ఆరాల్సిన లైటు ఆరలేదు. ఆయిల్ ఉండి కూడా పైకి ఎక్కడం లేదంటే పంపు పోయి ఉండాలి, కాదంటే బేరింగులు అరిగి ఉండాలి, ఇంజన్ దించి విప్పందే చెప్పలేనన్నాడు. మామగారికి అంతకంటే ఏం కావాలి? గేరు మార్చడం చేతకాక లాగి లాగి ఇంజన్‌ను తినేసిందనీ, ఇకమీదట తాళం తన మొలకే ఉంటుందనీ, ఈ తిరుగుళ్ళకు ఇంతటితో స్వస్తి అనీ, బట్టీ కూలీలూ ఇరుగుపొరుగూ వింటుండగా తీర్పు చెప్పేశారు. కారు పోతే బస్సు, బస్సయితే చీకటి, చీకటయితే ఈసారి ఉద్యోగమే పోతుందని నాకు తెలిసిపోయింది. పిల్లాణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడి, ఏడవకూడదని పళ్ళు బిగబట్టుకున్నాను.

అప్పుడు అరుగు మీద చింతపండు గింజ తీస్తున్న అత్తగారు చెయ్యి దులుపుకుని లేచారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ వేసవిలోనే ఒక డాక్టరు ఆవిడకు బీపీ విపరీతంగా ఉందని చెబితే, మేమంతా బెంబేలెత్తి ఉప్పూ పచ్చడీ మాన్పించాం. నెల తర్వాత వేరే ఆస్పత్రిలో చూపిస్తే బీపీ లేదు గీపీ లేదు, మొదటి మిషనే చెడిపోయి ఉందని తేలింది. పచ్చిమిరపకాయ పచ్చడి లేకుండా గడిచిన ఆ నెల విషయంలో ఆవిడ ఎవరినీ క్షమించలేదు.

“ఏమయ్యా, నాకు బీపీ ఉందని ఒక మిషన్ చెబితే ఇంకో మిషన్ పెట్టి చూశారు గదా. ఈ బండికి పెట్టరేంది? ఆ లైటు చెప్పిందల్లా నిజమేనా?” అన్నారు.

“లారీలకు పెట్టే ఆయిల్ ముల్లు మీటరు షెడ్డులో ఉంది వదినా, కానీ...” అని చిన్నమామ నసిగాడు.

“ఉంటే తేక, ఇంకా నిలబడ్డావేంది?”

మీటరు వచ్చింది. ఇప్పుడు సెన్సార్ అంటున్నదాన్ని అప్పట్లో మా ఊళ్ళో ఆయిల్ స్విచ్చి అనేవాళ్ళు, బొటనవేలంత ఉండి ఇంజన్ పక్కన బిగించి ఉండేది. చిన్నమామ ముందు దాని వైరు ఊడదీశాడు, లైటు ఆరిపోయింది. అంటే వైరు దారిలో ఎక్కడా ఇనుముకు తగిలి లేదన్నమాట, ఇక తప్పు స్విచ్చిదో ఇంజన్‌దో తేలాలి. స్విచ్చి విప్పి ఆ కన్నంలోనే మీటరు గొట్టం బిగించి స్టార్ట్ చేశాడు. ముల్లు ఒక్క ఊపున లేచి, ఉండాల్సినచోటికి వెళ్ళి కదలకుండా నిలబడింది. ఇంజన్ నిక్షేపంలా ఉంది. నా కంటినిండా నీళ్ళు తిరిగాయి, ఆ ముల్లు రెండుగా కనపడింది.

కథ అక్కడితో అయిపోయినా బాగానే ఉండేది. చిన్నమామ ఊడదీసిన స్విచ్చిని అటూ ఇటూ తిప్పి, దాని తల మీద గట్టిగా పేరుకున్న ఎర్రటి పెచ్చును గోరుతో గీకుతూ, తుప్పంటే ఇలా ఉండదే, ఇదేందో అర్థం కావడం లేదన్నాడు. అత్తగారు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరి కాళ్ళకూ పారాణి కలిపిన చెయ్యి ఆవిడది. పసుపులో సున్నం పడితే ఏ ఎరుపు వస్తుందో ఆవిడకు వేరే చెప్పాలా? ఏటా దసరాకు ఇంజన్ కడిగించి, రోట్లో నూరిన తడి పసుపు తీసుకుని, కనపడిన ప్రతి బుడిపెకూ బొట్టు పెట్టేది ఆవిడే. బట్టీ పొడి దాని మీద వాలి, ఏటికేడాది పొర మీద పొర కట్టి, తడిని పట్టి ఉంచి, స్విచ్చి లోపలి రేకులను తుప్పు పట్టించి అతికేసింది, లైటు ఆరకపోవడం అందుకే.

ఆవిడ ఆ పెచ్చును కొంగున దాచేసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. నన్నంటున్న మాటలు ఎలాగూ ఆగిపోయేవి. కానీ అత్తగారు నేరుగా మామగారి ముందుకు నడిచి, అందరూ వింటుండగానే, “ఇది పారాణి అండీ. పసుపు పెట్టింది నేను, సున్నం మీ బట్టీది. అమ్మాయి చేసిందేం లేదు. ఏమన్నా అనాలంటే నన్నే అనండి” అన్నారు.

మామగారు ఆ స్విచ్చి వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు, కండువా దులుపుకుని, కొత్తది వెయ్యమని చెప్పి బట్టీ వైపు వెళ్ళిపోయారు. తన తప్పు ఒప్పుకోవడం ఆవిడ జీవితంలో నేను చూసింది ఆ ఒక్కసారే, అది కూడా నా కోసం.

కొత్త స్విచ్చి వేసిన మర్నాడు నేను బడికి బయల్దేరుతుంటే అత్తగారు పట్టుచీర కట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. ఎక్కడికని అడిగే ధైర్యం నాకు లేదు. దారిలో లారీ వాళ్ళు తలలు బయటపెట్టి చూస్తుంటే ఆవిడ అద్దం దించి, “ఏంది చూస్తన్నావ్, మా కోడలు!” అని కేకేశారు. ఆ రోజంతా బళ్ళో ఒక చెట్టు కింద కూర్చుని, సాయంత్రం నాతోనే తిరిగి వచ్చారు. ఆ తర్వాత తాళం ఎవరి మొలకూ చేరలేదు. పదవీ విరమణ దాకా ఉద్యోగం చేశాను.

ఇప్పుడు ఆ రోడ్డు మీద ఎంతమంది ఆడపిల్లలు కార్లు నడుపుతున్నారో, ఏ లారీ డ్రైవరూ తల తిప్పి చూడడు. బండిలో ఏది చెడిందో మిషన్ చెప్పేస్తుంది, తప్పు ఎవరిదని ఇంటిముందు పంచాయితీ పెట్టేవాళ్ళు లేరు. మంచి రోజులే వచ్చాయి, కాదనను. కానీ ఆ రోజు మా అత్తగారు నాకోసం నిలబడ్డట్టు నా కోడలి కోసం నేను నిలబడాల్సిన అవసరం ఈ జన్మకు రాదనిపిస్తుంది. రానందుకు సంతోషమే. అయినా పెళ్ళి నుంచి తిరిగి వస్తూ, చీకట్లో నిబ్బరంగా బండి నడుపుతున్న ఆ పిల్లను చూస్తుంటే, ఇవ్వాలనుకుని తెచ్చినదేదో నా ఒళ్ళోనే ఉండిపోయినట్టు కాస్త దిగులేసింది.