చెరి సగం మాత్ర

ఆ కాగితం రాసింది నేను. కాబట్టి ఆ తరవాత జరిగింది చెప్పాల్సిందీ నేనే. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు.

తొంభైల మధ్యలో నేను రాయ్‌పూర్‌లో ఒక పెద్దాసుపత్రి రికార్డుల గదిలో గుమాస్తాని. మా నాన్న, పెదనాన్న ఇద్దరూ విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగాల మీద ఇక్కడికొచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే పోయారు. దేవేంద్ర నగర్ ఇంట్లో మిగిలింది ముగ్గురం: అమ్మ, పెద్దమ్మ, నేను. పెద్దమ్మంటే పెదనాన్న భార్య. ఆవిడకి పిల్లల్లేరు. చిన్నప్పుడు నాకు జడలేసిందీ, స్కూలు ఎగ్గొడితే వీపు వాయించిందీ ఆవిడే.

ఒకరోజు కీళ్ళ జబ్బులు చూసే డాక్టరుగారు నన్ను పిలిచి నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితాలు చేతిలో పెట్టారు. వచ్చే నెల నుంచి మా ఆసుపత్రిలో కీళ్ళవాతానికి ఒక కొత్త మందు మీద పరీక్ష మొదలవుతుందట. చేరదలచుకున్న రోగులకి ముందే అన్నీ విడమరిచి చెప్పాలి. అర్థమయ్యాకే వాళ్ళు సంతకం పెట్టాలి. హిందీ కాగితం అప్పటికే తయారైంది.

"రైల్వే కాలనీల నుంచి మీ తెలుగు ఆడవాళ్ళు వస్తారు చూడండి, నేను హిందీలో ఏం చెప్పినా హాఁ జీ, హాఁ జీ అని తలూపుతారు. బయటికెళ్ళాక డాక్టరేమన్నాడని ఒకరినొకరు అడుక్కుంటారు. వాళ్ళకోసం తెలుగులో రాయండి" అన్నారాయన హిందీలో.

నేను తెలుగు బళ్ళో చదివింది అయిదో తరగతి వరకే. మిగతాదంతా అమ్మ తెప్పించే వారపత్రికల్లోంచి పోగుచేసుకున్నది. అయినా పొగరుకేం తక్కువ లేదు. నిఘంటువు ముందేసుకుని, 'యాదృచ్ఛిక విభజన', 'నిష్క్రియ గుళిక' అంటూ రెండు రోజులు కుస్తీపట్టి రాశాను. ఆదివారం టిఫిన్లయ్యాక అమ్మనీ పెద్దమ్మనీ కూచోబెట్టి చదివి వినిపించాను. వాళ్ళిద్దరికీ కీళ్ళవాతమే, కాబట్టి వాళ్ళకి అర్థమైతే ఊరందరికీ అర్థమైనట్టే.

పెద్దమ్మ మొత్తం ఓపిగ్గా విని, "ఎవులికి రాసినావే ఇది, కలెట్టరుకా?" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అయితే నువ్వే చెప్పు, ఎలా రాయాలో" అన్నాను.

"నాకేటి తెల్సు? ముందు ఆ మందు పన్జేస్తాదా, లేదా? అది సెప్పు."

"అది తెలీకే కదా పరీక్ష."

"మరదే రాయి."

అదే రాశాను. ఆ మొదటి వాక్యం నాకిప్పటికీ నోటికొచ్చు: ఈ కొత్త మందు పని చేస్తుందో లేదో మాకింకా తెలియదు, తెలుసుకోవడానికే మిమ్మల్ని పిలుస్తున్నాము. ఆ తరవాత ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను. మీరు ఇప్పుడు వాడుతున్న మందులు మానక్కర్లేదు, వాటితో పాటు రోజుకొక మాత్ర అదనంగా ఇస్తాము. చేరినవాళ్ళలో సగం మందికి మందున్న మాత్ర, మిగతా సగానికి మందు లేని మాత్ర. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఎవరికి ఏది అన్నది చీటీలు తీసినట్టుగా తేలుతుంది. మీకు ఏది వచ్చిందో మీకూ తెలియదు, మీ డాక్టరుకీ తెలియదు. ఆరు నెలల పాటు పదిహేను రోజులకోసారి వచ్చి రక్తం ఇవ్వాలి, మిగిలిన మాత్రలు చూపించాలి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయవచ్చు, మానేసినా మీ మామూలు వైద్యం ఆగదు. మీ మాత్ర మీరే మింగాలి, ఇంకెవరికీ పెట్టకూడదు.

"డాకటేరు తనకీ తెలీకుండానే మందిస్తాడా? ఇదేం సోద్యమే" అంది అమ్మ.

"తెలిస్తే, మందున్నవాళ్ళకి తగ్గిందనే అనిపిస్తుందమ్మా ఆయనకి. కళ్ళు మోసం చేస్తాయి. అందుకే ఆయనక్కూడా చెప్పరు" అన్నాను. ఆ మాట డాక్టరుగారు నాకు చెప్పిందే. సొంత తెలివిలా అప్పజెప్పాను.

పెద్దమ్మ చేరతానంది. కారణం చీర. అప్పటికి పదేళ్ళుగా ఆవిడ వేళ్ళు పక్కకి తిరిగిపోయి ఉన్నాయి, గుప్పిలి మూసుకోదు. కుచ్చిళ్ళు పెట్టుకోలేదు. రోజూ పొద్దున్నే స్నానమయ్యాక అమ్మ వచ్చి ఎదురుగా నిలబడి మడతలు పెట్టి దోపాలి. అమ్మకి జబ్బు తక్కువే, మణికట్టులూ మోకాళ్ళూ మాత్రమే. అయినా వంగి కుచ్చిళ్ళు సర్దేటప్పుడు మూలిగేది. ఆ మూలుగు వినపడకుండా పెద్దమ్మ పైకి ఏదో ఒకటి వాగుతూ ఉండేది.

"అరవైరెండేళ్ళొచ్చినాయే నాకు. బొమ్మని నిలబెట్టినట్టు నిలబెట్టి సీర కడతంటే సిగ్గుతో సస్తన్నాను. నా సీర నాను కట్టుకుంటే సాలు, ఇంకేటీ అక్కర్లేదు" అంది నాతో.

అప్ప చేరితే తనూ చేరతానంది అమ్మ. తోడికోడలిని అక్కా అనకుండా అప్పా అని పిలవడం మా వైపు వాడుక. అప్ప లేకుండా అమ్మ కిరాణా కొట్టుక్కూడా వెళ్ళదు, ఇక ఆసుపత్రికి వెళ్తుందా? ఒకే ఇంట్లోంచి ఇద్దరంటే డాక్టరుగారు కాస్త నసిగారు, చివరికి సరేనన్నారు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. నంబర్లేసిన రెండు సీసాలు ఇంటికొచ్చాయి.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. వాళ్ళిద్దరూ కొత్త కోడళ్ళుగా రెండు గదుల రైల్వే క్వార్టర్‌లోకి వచ్చినప్పుడు మా మామ్మ పెట్టిన రూలు అది. ఇంట్లోకి ఏది వచ్చినా అందరి ఎదురుగా రెండు ముక్కలవ్వాలి. జామకాయైనా అంతే, జాకెట్టు గుడ్డైనా అంతే. సబ్బుబిళ్ళని దారంతో కోసి చెరో సగం ఇవ్వడం నేనే చూశాను. మామ్మ పోయింది, క్వార్టరు పోయింది, అన్నదమ్ములిద్దరూ పోయారు. ఆ రూలు మాత్రం పోలేదు. ఇన్నేళ్ళలో ఆ ఇద్దరూ పోట్లాడుకోవడం నేను వినలేదంటే దాని చలవే. నాకు పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతే. అయినా ఆ కాగితం రాసేటప్పుడు బుర్రకి తట్టలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం నేను డ్యూటీకి తయారవుతుంటే పెద్దమ్మ గదిలోంచి బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది. కుచ్చిళ్ళు వంకరటింకరగా ఉన్నాయి, ఒక పక్క చీర నేల మీద ఈడుస్తోంది.

"ఎవరు కట్టారు పెద్దమ్మా?" అన్నాను.

"ఎవులు కడతారు? నానే."

అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి అక్కడే ఏడ్చేసింది. ఆ సాయంత్రం పెద్దమ్మ ఒక్కత్తే శంకర్ నగర్ దాకా నడిచివెళ్ళి కూరలు తెచ్చింది. దారిలో కనపడ్డ తెలుగువాళ్ళందరికీ ఆగి మరీ చీర చూపించిందట.

ఇంకో పది రోజులకి ఆఫీసుకి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే ఇద్దరూ ఎదురెదురుగా పీటల మీద కూచుని ఉన్నారు. మధ్యలో పళ్ళెం, పళ్ళెంలో రెండు మాత్రలు. అమ్మ వక్కలు కత్తిరించే అడకత్తెరతో ఒక్కో మాత్రనీ జాగ్రత్తగా రెండు చేస్తోంది. అప్ప సీసాలోది సగం తనకి, సగం అప్పకి. తన సీసాలోది సగం అప్పకి, సగం తనకి. చిట్లిన పొడిని కూడా వేలితో అద్ది రెండు వాటాలు వేస్తోంది.

పళ్ళెం నా వైపు లాక్కున్నాను. "ఎన్నాళ్ళ నుంచి ఈ పని?"

"మొదట్నుంచీ" అంది అమ్మ మామూలుగా. "నువ్వే సెప్పినావు కదా, ఒకలికి మందొస్తాది, ఒకలికి ఒట్టిది వస్తాదని. అప్పకి ఒట్టిదొస్తే నాను మందెలా మింగుతానే? నా గొంతు దిగుతాదా?"

"ఇంకెవరికీ పెట్టకూడదని రాశాను కదమ్మా. చదివి వినిపించాను కూడా. తలూపారు కదా ఇద్దరూ."

"ఊపినాం" అంది పెద్దమ్మ. "ఊపకపోతే సేర్చుకోరు కదా."

కూచోబెట్టి చెప్పాను. మీ రక్తం చూసి వాళ్ళు లెక్కలు రాసుకుంటున్నారు, ఆ లెక్కలన్నీ తప్పు. ఈ మందుకి లివరు దెబ్బతింటుందేమోనని కనిపెట్టి చూస్తున్నారు, మీలో ఎవరికి ఏమైనా ఏ మాత్ర వల్లో తెలీదు. డాక్టరుకి చెప్పాలి, చెప్తే ఇద్దర్నీ తీసేస్తారు. అమ్మ తల దించుకుంది. పెద్దమ్మ తన వేళ్ళవైపు చూసుకుంది.

"సెప్పకే" అంది. "ఇంకో నాలుగు నెల్లే కదా. నా సీర నాను కట్టుకుంటన్నాను. సూస్తన్నావు కదా. నీ కడుపులో పెట్టుకో."

నేను తలూపాను. మాటతో ఒప్పుకోలేదు గానీ ఊపాను. ఆవిడకి అది చాలు.

నాలుగు రోజులు కడుపులోనే పెట్టుకున్నాను. అయిదో రోజు ఊరవతల మందిర్ హసౌద్ నుంచి వచ్చే ఒకావిడ నా కిటికీ ముందు నిలబడి తన ఫైలు అడిగింది. ఆవిడా ఆ పరీక్షలోనే ఉంది. రెండు నెలలుగా ఏమీ తగ్గలేదు. వాచిపోయిన కాళ్ళతో బస్సెక్కి దిగి వస్తోంది.

"నాకు ఒట్టిదే వచ్చుంటుంది దీదీ" అంది హిందీలో, నవ్వుతూ. "అయినా మానను. నాకు తగ్గలేదని రాసుకుంటేనే కదా వాళ్ళకి సంగతి తెలిసేది. మీ తెలుగు కాగితంలో కూడా అదే రాశారటగా, మా పక్కింటావిడ చదివి చెప్పింది."

ఆవిడ ఫైలు తీసిచ్చాను. లేచి వెళ్ళి డాక్టరుగారికి మొత్తం చెప్పేశాను. ఆలోచించలేదు. ఆలోచిస్తే చెప్పేదాన్ని కాదు.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఇద్దరూ సీసాలు పట్టుకుని రేపు రావాలి" అన్నారు. మర్నాడు వాళ్ళ పేర్ల ఎదురుగా తీసేసినట్టు రాసి, సీసాలు తీసుకుని, పాత మందులు పాతలాగే వాడమన్నారు. కొత్త మందు ఇంక ఎక్కడా దొరకదా అని పెద్దమ్మ నాచేత అడిగించింది. దొరకదన్నారు. ఇంటి ముందు రిక్షా దిగుతూ పెద్దమ్మ, "ఊపినావు కదే" అంది. అంతే. ఆ తరవాత ఆరు వారాలు నాతో మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే అమ్మకి చెప్పి నాకు చెప్పించేది.

రెండు నెలలకి చీర మళ్ళీ అమ్మ చేతికి వచ్చింది. ఆ ఏడు చలికాలంలో వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి.

పరీక్ష ముగిశాక ఎవరికి ఏ మాత్ర వెళ్ళిందో బయటపెట్టారు. డాక్టరుగారు పిలిచి చెప్పారు. మందున్న సీసా అమ్మది. పెద్దమ్మది ఒట్టిది. అంటే నేను రాసినట్టు బుద్ధిగా ఎవరిది వాళ్ళు మింగి ఉంటే పెద్దమ్మకి ఒక్క రవ్వ కూడా దక్కేది కాదు. ఆవిడ ఆ కొన్నాళ్ళైనా తన చీర తను కట్టుకుందంటే అది అమ్మ అడకత్తెరతో కోసి పెట్టిన సగం వల్లేనేమో. ఆయన మాత్రం, కొత్త మందు మీద ఆశ వల్ల కూడా అయ్యుండచ్చు, ఇద్దరితో ఏదీ తేల్చలేం అన్నారు. మందు చాలామందికి పనిచేసిందట, కొందరికి లివరు చెడిందట. బజారుకి రావడానికి ఇంకా ఏళ్ళు పడుతుందన్నారు.

ఇంటికెళ్ళి దాచకుండా చెప్పాను. మళ్ళీ కడుపులో పెట్టుకునే ఓపిక నాకు లేదు. అమ్మ విని, "నాకు తెల్సు, అందుకే కోసినాను" అంది. తెలీదు ఆమెకి. తెలిసే వీలే లేదు. అయినా ఆ మాట కాదని నేననలేదు. పెద్దమ్మ లేచి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. మందిర్ హసౌద్ ఆవిడ ముఖం గుర్తొస్తే అసలే అనుకోను. పెద్దమ్మ చేతులు చూసినప్పుడు మాత్రం ఈ మాట ధైర్యంగా నాకు నేను చెప్పుకోలేకపోయేదాన్ని.

ఆ పై ఏడు ఒక మధ్యాహ్నం అమ్మ తప్పనిసరై ఒక్కతే కిరాణా కొట్టుకి వెళ్ళింది. అప్పటికి పెద్దమ్మ అన్నం కలుపుకోవడం కూడా మానేసింది. నేనే పప్పన్నం కలిపి పక్కన కూచుని ముద్దలు పెడుతున్నాను. మూడో నాలుగో ముద్దయ్యాక నోరు తెరవకుండా నా ముఖంలోకి చూసింది.

"నీ మీద నాకు కోపముందే" అంది.

"తెలుసు పెద్దమ్మా."

"పోదది. సచ్చేదాకా ఉంటాది."

"ఉండనీ" అన్నాను. ఇంకో ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాను.

"అంతంత పెడితే ఎలా మింగుతాను? సిన్న ముద్ద సెయ్యి" అని నోరు తెరిచింది.