నేరేడు రంగు పెదాలు

రాయదుర్గం మెట్రోలో ఎస్కలేటర్ మీద కిందికి దిగుతుంటే, చెమటకు తడిసిన ఐడీ కార్డు పట్టీ మెడ వెనక అతుక్కుంటుంది. దాన్ని తీసి, మడిచి, ప్యాంటు కుడి జేబులో పెట్టుకుంటాను. మెడ మీద ఒక్కసారిగా గాలి తగులుతుంది. అప్పుడు విజయలక్ష్మి మేడమ్ గుర్తొస్తారు. మెడలో కార్డు ఎప్పుడు వేసుకోవాలో మా ఆఫీసు చెప్పింది. ఎప్పుడు తీసెయ్యాలో ఆవిడ దగ్గర నేర్చుకున్నాను.

నా మొదటి ఉద్యోగంలో ఆవిడ మా టీమ్ మేనేజర్. కాకినాడ వైపు మనిషి. లంచ్ బాక్సులో ముందు పెరుగన్నం తిని, ఆ తర్వాత కూరన్నం తినేవారు. ఎందుకని అడిగితే, "మధ్యలో కాల్ వస్తే పెరుగు పులిసిపోతుంది, కూరకేం కాదు" అనేవారు. కంప్యూటర్ సర్వర్లు ఆగిపోయి అందరం ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు ఆవిడ బోర్డు దగ్గరికి వెళ్ళి పనులు ఒక వరుసలో, పేర్లు ఒక వరుసలో రాసేవారు. "భయపడటానికి తర్వాత టైముంటుందండీ. ముందు ఎవరేం చేస్తున్నారో చెప్పండి." షిఫ్టు మారేటప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళు పాతవాళ్ళ మాట నమ్మకూడదు, మొత్తం మళ్ళీ అడిగి రాసుకోవాలి. అది ఆవిడ నియమం. బాచుపల్లిలో మా అమ్మకు కిరాణా సామాను కూడా నంబర్లు వేసి రాసిచ్చే నాకు, ఆ పద్ధతి చూస్తే ప్రాణం లేచొచ్చేది.

ఆఫీసు ఎదురుగా ఫుట్‌పాత్ మీద హషిమ్ పండ్ల బండి ఉండేది. బర్మాలో ఊరు కాలిపోతే భార్య సాజిదానూ, చంటిపాప నూరీనీ తీసుకుని ప్రాణాలతో వచ్చినవాడు. బండి మీదే తెలుగు నేర్చుకున్నాడు. నూరీకి అప్పటికి బడికి వెళ్ళే వయసు వచ్చింది. ఆ పిల్ల పెదాలు ముదురు ఊదారంగులో ఉండేవి. "బండి మీద నేరేడు పండ్లన్నీ నువ్వే తింటున్నావా?" అని మేమంతా ఆటపట్టించేవాళ్ళం. ఒక చలికాలం మధ్యాహ్నం బొప్పాయి ముక్కలు తింటూ మేడమ్ ఆగిపోయారు.

"ఇది నేరేడు పళ్ళ కాలం కాదు కదా, హషిమ్?"

"పుట్టినప్పటి సంది గట్లనే మేడమ్. జర ఉరికితె దమ్మొచ్చి, మోకాళ్ళు ముడుసుకొని గొంతుకూసుంటది. కొంచెంసేపైతె మంచిగైతది."

మేడమ్ తినడం మానేసి పిల్ల గోళ్ళు చూశారు. అవీ అదే రంగు. ఆ వారంలోనే పాపను పిల్లల గుండె దవాఖానకు తీసుకెళ్ళాం. గుండెలో రంధ్రం ఉందనీ, ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకుగా ఉందనీ డాక్టరు చెప్పాడు. ఊపిరాడక గొంతుకూర్చున్న ఏ రోజైనా పిల్ల మళ్ళీ లేవకపోవచ్చు. ఆపరేషన్ వాయిదా వెయ్యడానికి లేదు. ఖర్చు ఆసుపత్రి వాళ్ళ ట్రస్టే భరిస్తానంది. మిగతాదంతా మేడమ్ బోర్డు మీదికెక్కింది. రక్తదాతలు ఒకరికి, మందులు ఒకరికి, కాగితాలు ఒకరికి. వార్డులో కుటుంబం పక్కన ఉండటానికి షిఫ్టులు. మా టీమ్‌లో ఒక్కరు కూడా కాదనలేదు. ఇంత మంచి ఏర్పాటు ఇంకెవరూ చేయలేరని నేను మనసులో మురిసిపోయాను.

ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం నా షిఫ్టుకు వెళ్ళేసరికి, సాజిదా పిల్లను దుప్పటిలో చుట్టుకుని, బట్టల మూటతో లిఫ్టు ముందు నిలబడి ఉంది. నర్సు బతిమాలుతోంది. భార్య ఒప్పుకోనిదే ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టనంటూ హషిమ్ గోడకు ఆనుకున్నాడు. ఏమైందని అడుగుతూ నేను ఫోన్ తీశాను. అది చూసి, ఫొటో తీస్తాననుకుందేమో, ఆమె పిల్ల ముఖం కొంగుతో కప్పేసింది. నేను దూరంగా వెళ్ళి మేడమ్‌కు ఫోన్ చేశాను.

ఆవిడ మీటింగ్ మధ్యలోంచి లేచి, ఎలా ఉన్నారో అలాగే వచ్చారు. దగ్గరికి వెళ్ళబోతే సాజిదా రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె కళ్ళు మేడమ్ ముఖం మీద లేవు. మెడలో వేలాడుతున్న కార్డు మీద ఉన్నాయి.

"ఏమంటోంది హషిమ్?"

హషిమ్ గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చాడు. "మీరు తప్పు పట్టద్దు మేడమ్. మా ఊర్ల గిట్లనే వచ్చిన్రు. మెడలల్ల కార్డులు. దినాం ఒక కొత్త మనిషి. పేరేంది, ఎంతమంది, ఎక్కడుంటరు అని రాసుకొని పోయిన్రు. గా తర్వాతనే ఇండ్లు కాలినయి. ఇక్కడ గూడ గంటకొకరొచ్చి గదే అడుగుతుంటె ఈమెకు భయమైతుంది. పిల్లను గుంజుకపోతరంటది."

మేడమ్ మెడలోని కార్డు తీసి నా చేతిలో పెట్టి, నా కార్డు వైపు చూశారు. నేనూ తీసేశాను.

"షిఫ్టులు ఆపెయ్ నరేశ్. అందరికీ చెప్పు."

"మరి పనులు మేడమ్?"

"పనులు కింద ఉండి చేసుకోండి. పైకి ఒక్క మనిషే. నేనుంటాను."

ఆవిడ లిఫ్టు పక్కనే నేల మీద కూర్చున్నారు. అప్పటికే ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ధైర్యం చెప్పలేదు, బతిమాలలేదు. సాజిదా నిలబడే ఉంది. చివరికి పిల్ల బరువుకు తనూ కూర్చుంది, కాస్త ఎడంగా. కిటికీలోంచి పడుతున్న ఎండ మేడమ్ కాళ్ళు దాటి గోడ ఎక్కింది. ఆవిడ కాలు చాపుకోలేక ఇబ్బంది పడటం చూసి సాజిదా తన బట్టల మూటను మెల్లగా ఆవిడ మోకాలి కిందికి తోసింది. తర్వాత భర్తతో ఏదో అంది.

"రేపు గూడ మీరే వస్తరా అని అడుగుతుంది మేడమ్."

"నేనే వస్తాను. పాప కళ్ళు తెరిచేదాకా ఎక్కడికీ వెళ్ళనని చెప్పు. నాకూ భయంగానే ఉందని కూడా చెప్పు."

రెండో మాట విన్నాక సాజిదా మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూసింది. లేచి, పిల్లను ఎత్తుకుని వార్డు వైపు నడిచింది. వెంటనే హషిమ్ సంతకం పెట్టాడు.

మర్నాడు క్లయింట్‌తో పెద్ద రివ్యూ ఉంది. "ఎలా మేడమ్?" అంటే, "నువ్వు మాట్లాడు. నీకు షిఫ్టులంటే ఇష్టం కదా, ఇది నా షిఫ్టు అనుకో" అని ఆసుపత్రికి వెళ్ళిపోయారు. నేను తడబడుతూనే మాట్లాడాను. ఆపరేషన్ బాగా జరిగిందని మేడమ్ పంపిన రెండు ముక్కల సందేశం చూశాక, అంతవరకూ ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. ఆ మర్నాడు ఐసీయూ అద్దం దగ్గర సాజిదా పిల్ల పెదాలనే చూస్తూ నిలబడింది, అవి వేరే పిల్లవేమో అన్నట్టు. హషిమ్ అరచేతులతో ముఖం తుడుచుకుని, "ఎర్రజామ కోస్తె లోపట ఎట్లుంటది మేడమ్, గట్లున్నయి" అన్నాడు. మేడమ్ నవ్వబోయి, ఏడ్చేశారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో మేడమ్, "సర్వర్‌కి ఎవరొచ్చి చూసినా ఒకటే నరేశ్. ఆ తల్లికి ఒకటే ఎలా అవుతుంది? నేను ఆలోచించలేదు" అన్నారు. మర్నాడు ఆఫీసులో బోర్డు మామూలుగానే నిండింది. ఆవిడ పద్ధతి మానుకోలేదు. కానీ అప్పటినుంచి వరుసలకు పైన ఒక్క పేరు రాసి, చుట్టూ గీత గీసేవారు. మొదటి నుంచి చివరి దాకా ఉండే మనిషి. ఇప్పుడు ఆవిడ పుణెలో పనిచేస్తున్నారు. నాకూ ఒక టీమ్ ఉంది. నేనూ ఆ పేరు ముందు రాసి, తర్వాతే మిగతావి నింపుతాను.

హషిమ్ బండి ఇప్పుడు మెట్రో మెట్ల దగ్గరికి మారింది. సాయంత్రాలు సాజిదా పండ్లు కోస్తుంది. వాళ్ళ దగ్గరికి చేరకముందే కార్డు జేబులో పెట్టుకుంటాను. ఆమెకు ఇప్పుడు ఆ భయం లేదు, నా అలవాటే పోలేదు. నిన్న కూడా అంతే. కానీ ఏ జేబులో ఉంటుందో నూరీకి తెలుసు. పట్టీ లాగి, మెడలో వేసుకుని, "నేను ఆఫీసుకు పోతున్న" అంటూ ఫుట్‌పాత్ చివర కరెంటు స్తంభం దాకా ఉరికింది. సాజిదా చేతిలో కత్తి ఆగింది. పిల్ల స్తంభాన్ని ముట్టి, అంతే వేగంగా వెనక్కి వచ్చింది. ఎక్కడా గొంతుకూర్చోలేదు. సాజిదా మళ్ళీ బొప్పాయి కోయడం మొదలుపెట్టింది.