అవతలి ఒడ్డు మేనత్త

నా చిన్నప్పుడు నాకంటే చిన్నదైన మేనత్త ఒకామె ఉండేది. నేను పుట్టకముందే, ఐదేళ్ళ వయసులో, జ్వరమొచ్చి పోయింది. నేను ఏటేటా పెరుగుతున్నా ఆమె మాత్రం ఐదేళ్ళ దగ్గరే ఆగిపోయింది. నాకు పొట్టివైపోయిన గౌన్లను మా నాయనమ్మ ఎవరికీ ఇవ్వనిచ్చేది కాదు. ఎందుకని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

మా చేను తాండూరు దగ్గర, కాగ్నా వాగు ఒడ్డున ఉండేది. మేనత్త పోయిన నాడు మా వైపంతా వరద. మాలో చిన్నపిల్లలను కాల్చరు, పూడుస్తారు. జానెడు పొడినేల దొరక్క మావాళ్ళు పాపను ఎత్తుకుని నిలబడితే, అవతలి ఒడ్డున చేనున్న తాత ఒకాయన వంతెన మీదుగా రమ్మని కబురు పెట్టి తన ఎత్తు చేనులో చోటిచ్చాడట. ఆ కాస్త మేరలో ఆయన మళ్ళీ ఏనాడూ నాగలి పెట్టలేదు. చుట్టూ కంది పెరిగేది, నడుమ ఒక నాపరాయి. మా నాయనమ్మ పొద్దుగూకే వేళ ఇవతలి ఒడ్డున నిలబడి దాన్నే చూస్తూ ఉండేది.

వాగు ఏటేటా మా చేను అంచును కోసుకుపోతుంటే మా నాయనకు అదే దిగులు. తాండూరులో రాయికి కొదవేముంది? గనుల దగ్గర పారేసిన ముక్కలను బండ్ల మీద తోలుకొచ్చి, సిమెంటు కలిపి, ఒడ్డు పొడుగునా నిలువెత్తు గోడ కట్టాడు. కట్టాక బర్రె వీపు చరిచినట్టు దాన్ని చరిచి మురిసిపోయాడు. ఊరంతా మెచ్చుకుంది. నాయనమ్మ ఒక్కతే, మరి ఆ నీళ్ళు ఎటు పోవాలని అడిగింది. నాయన నవ్వేశాడు.

ఆ వానాకాలం మా చేనులో గుప్పెడు మట్టి కూడా కదల్లేదు. గోడకు కొట్టుకున్న నీళ్ళు తిరగబడి అవతలి ఒడ్డును తవ్వాయి. అటునుంచి మట్టిపెళ్ళలు విరిగి నీళ్ళలో పడే చప్పుడు మా ఇంటిదాకా వినిపించేది. అది విన్నప్పుడల్లా నాయనమ్మ సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకునేది.

వరద తీసిన పొద్దున అవతలి ఒడ్డు తాత మా వాకిట్లోకి వచ్చాడు. తిట్టడానికి వచ్చాడనుకుని నాయన లోపలికి జారుకున్నాడు. ఆయన తిట్టలేదు. ఎప్పుడూ భుజాన ఉండే తువ్వాలు ఆ రోజు చేతిలో చిన్న మూటగా ఉంది.

“అక్కా, ఇన్నేండ్లు మంచిగనే చూసుకున్న. గీ యేడు నాతోని కాలే. నీ బిడ్డను నీకు అప్పజెప్తున్న,” అన్నాడు.

నాయనమ్మ మూట విప్పలేదు. మీ అత్త, భద్రం అని నా ఒళ్ళో పెట్టి, ఆయనకు మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. మూట జొన్నపేలాలంత తేలికగా ఉంది. కదిలితే లేస్తుందేమోనని భయపడి, ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను.

అప్పటికి బయటికొచ్చిన నాయన, గోడ వెనక మన చేనులోనే పూడుద్దామని, అక్కడికి ఇక నీళ్ళు రావని తల వంచుకుని అన్నాడు.

“దాన్ని లేపింది వాగు గాదు కొడుకా, నీ గోడ. గా గోడ నీడల ఎట్ల పండవెడ్తవ్?” అంది నాయనమ్మ.

పాపను ఊరికి ఎగువన మెట్ట మీద పూడ్చారు. నాయన అటునుంచి అటే గడ్డపార పట్టుకుని వెళ్ళి, తాను కట్టిన గోడను తానే కూలగొట్టడం మొదలుపెట్టాడు. ఎవరూ పిలవకుండానే అవతలి తాత ఇంకో గడ్డపార అందుకున్నాడు. తర్వాతి ఏళ్ళలో వాగు మా చేనూ కోసింది, ఆయన చేనూ కోసింది. నష్టం మాకూ వచ్చింది కానీ, ఏరు దాటి తెప్ప తగలేశారన్న మాట మాత్రం రాలేదు.

అప్పటినుంచి నీళ్ళకు అడ్డంగా ఏ గోడ కనిపించినా దాని చివరిదాకా నడిచి చూడందే నాకు నిద్ర పట్టదు. నిరుడు మా మనవరాలు సముద్రం చూపిస్తానని తీసుకెళ్ళింది. కెరటాలను ఆపడానికి పొడవాటి కాంక్రీటు గోడ, దాని ముందు మనిషెత్తు దిమ్మెలు. గోడ వెనక మంచి రోడ్డు, ఐస్‌క్రీం బండ్లు, ఫోటోలు దిగే పిల్లలు. మనవరాలు వద్దంటున్నా నేను నడిచాను. గోడ ఆగిన చోటి నుంచి ఇసుక లేదు. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి ఊరినే కొరికేసింది. కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా వాలి ఉన్నాయి. సగం తెగిపోయిన ఇంటి గడప మీద నా ఈడు మనిషి ఒకామె వల బాగుచేసుకుంటోంది. మీవాళ్ళను ఎక్కడ పూడ్చేవారమ్మా అని అడిగాను. ఆమె తల ఎత్తకుండానే నీళ్ళ వైపు చెయ్యి చూపించింది.