తమ్ముడి నోట్లో పెట్టిన మాకరూన్

మా చిన్నప్పటి సంగతి... కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె మాది. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఐదు. వాడికి అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టేశారు. ఇంట్లో తాలింపు లేదు, నీచు లేదు, గుడ్డు మాటే ఎత్తకూడదు. తప్పు జరిగితే మారియమ్మ ఊరుకోదని అవ్వ రోజూ చెప్పేది...

ఆ రోజుల్లోనే తూత్తుకుడి నుంచి మామ వచ్చాడు. గడప దాటకుండా అరుగు మీదే కూర్చుని, మాకరూన్ మిఠాయిల పొట్లం నా చేతిలో పెట్టాడు. "వాడికి తలకు నీళ్లు పోసినాక తినండి" అన్నాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అవి తెల్లగా, మొన తేలి ఉండేవి. నాలుక మీద పెడితే కరిగిపోయేవి...

లోపల తమ్ముడు పొట్లం చూసి "ఒకటి ఇయ్యి అక్కా" అని ఏడుపు. రెండు రోజులుగా గంజి తప్ప ఏమీ ఎరగడు పాపం. చక్కెరే కదా అని ఒకటి వాడి నోట్లో పెట్టేశాను.

మళ్లీ అరుగు మీదికి వచ్చేసరికి మామ పక్కింటాయనకి మాకరూన్ పుట్టుపూర్వోత్తరాలు చెబుతున్నాడు. మా మామ కథ ఎత్తుకుంటే ఎక్కాల్సిన బస్సు తప్పిపోవాల్సిందే.

"ఆ కాలంలో పరంగోళ్లు, అదే పోర్చుగీసోళ్లు, ఓడల్లో వచ్చినప్పుడు తెచ్చిన తిండంట ఇది. వాళ్లు బాదం వేస్తా ఉండిరి. మనోళ్లకి బాదం యాడ? జీడిపప్పు నూరి వేసిరి. గుడ్డు తెల్లసొన నురగ వచ్చేదాకా కొట్టి, చక్కెర కలిపి, సన్న సెగలో కాల్చేది..."

గుడ్డు... నేను వాడి నోట్లో పెట్టి వచ్చింది అదే.

సాయంత్రానికి తమ్ముడి ఒళ్లు కాలిపోతోంది. నుదుటి మీద కొత్త పొక్కు లేచింది. అంతా నా వల్లే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. "ఏమే, ఎందుకట్ల ఉండావు?" అని అవ్వ చెయ్యి పట్టుకుని అడిగితే మొత్తం చెప్పేశాను.

అవ్వ తిట్టలేదు. పసుపునీళ్ల చెంబు ముందు కూర్చుని చేతులు జోడించింది. "బిడ్డ తెలీక పెట్టింది తల్లీ... దండన ఉంటే నాకు ఇయ్యి" అంది.

నా భయం రెండింతలైంది. అంతవరకూ తమ్ముడొక్కడే, ఇప్పుడు అవ్వ కూడా...

మూడు రోజులకి వాడి జ్వరం దిగింది. వేపాకు నీళ్లు పోశారు. కానీ అవ్వ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లే బతికింది, ఆమె దగ్గినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమనేది.

తమ్ముడు ఇప్పుడు విరుదునగర్‌లో ఉంటాడు. వచ్చినప్పుడల్లా మాకరూన్ల పెట్టె తెస్తాడు. లోపల ఏముందో ఈ రోజుల్లో పెట్టె మీదే అచ్చేస్తున్నారు. అది చదివి, వాడి నుదుటి మీద మచ్చ ఒకసారి చూసి, అప్పుడే మూత తీస్తాను...

ఇప్పుడు నేను తప్పు చేస్తే నా బదులు దండన అడగడానికి అవ్వ లేదు. మీ కోసం అలా అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా... ఉంటే చెప్పండి, వినాలనుంది.