సంచౌంగ్ కిటికీలో తొమ్మిది దీపాలు

గుంటూరులో బయల్దేరేటప్పుడు అక్క నా చేతికి ఒక ఖాళీ పెట్టె ఇచ్చింది. "దాని బట్టలన్నీ ఇందులో సర్ది, పిల్లని తీసుకొచ్చెయ్" అంది. పిల్ల అంటే అక్క కూతురు రూతు, బర్మాలోని యాంగోన్‌లో చదువుతోంది. మేం తెలుగు యూదులం, మొత్తం కలిపినా పిడికెడు కుటుంబాలం. గాజా యుద్ధం మొదలైనప్పటి నుంచీ తోటి విద్యార్థులు కొందరు రూతును వెలేసినట్టు చూస్తున్నారు. హనుక్కా దీపాల పండుగ రాగానే హాస్టల్లో దాని గది తలుపు మీద "యూదులు పొండి" అని రాశారు. అందుకే నాకు వెళ్లడానికి ఒక టికెట్టు, తిరిగి రావడానికి రెండు.

కోల్‌కతాలో విమానం మారి, మధ్యాహ్నానికి యాంగోన్‌లో దిగాను. టాక్సీ ఎక్కకముందే బేరమాడుకోవాలి, మరిచిపోకండి. రూతు హాస్టల్ ఉన్న సంచౌంగ్ పేట బజారులో మొహింగా, అదే చేపల పులుసులో వేసిన బియ్యపు సేమ్యా, ఘుమఘుమలాడుతోంది. ఏ చేప అని అడిగితే పొలుసు లేనిదన్నారు. అది మేం తినకూడదు. ఆకలి మీదున్నప్పుడు ధర్మశాస్త్రం మరీ కఠినంగా కనిపిస్తుంది. పలాటా రొట్టె, టీతో సరిపెట్టుకుని హాస్టల్‌కి నడిచాను.

"ఏడు రోజులూ బల్ల కిందే వెలిగించాను పిన్నీ. ప్రమాదముంటే లోపల పెట్టుకోవచ్చని తాతయ్య అనేవాడుగా" అంది రూతు. నిజమే. కానీ అసలు ఆచారం కిటికీలో పెట్టడం, దారినపోయేవాళ్లకి కనబడేలా. బంగారంలాంటి పిల్ల బల్ల కింద దూరాల్సి వచ్చిందని నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే దానికి పరీక్ష, అదే వేళకి మాకు విమానం; పరీక్ష వదులుకోవాల్సిందే. పెట్టె తెరిచి మంచం మీద పెట్టాను. రూతు కాసేపు దానికేసి చూసి, ప్రమిదలన్నీ కిటికీలోకి మార్చింది. "ఈ ఆఖరి సాయంత్రమైనా దాక్కోను" అంది.

వెలిగించిన కాసేపటికే కరెంటు పోయింది. వీధంతా చీకటి, మా కిటికీ తప్ప. వార్డెను డో సరోజ (డో అంటే ఇక్కడ 'గారు') ఆయాసపడుతూ పైకొచ్చింది. ఆవిడ తాతలది శ్రీకాకుళం.

"ఏటమ్మా ఇది? కిటికీకాడ దీపాలేటి? గొడవలౌతాయి, తీసీండి!"

"తియ్యను. కనబడాలనే పెట్టాను" అంది రూతు.

అంతలో తిరి అనే అమ్మాయి పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తలుపు మీద రాసింది ఈమేనని రూతు నా చెవిలో చెప్పింది. ఫోను చచ్చిపోయిందని, ఈ వెలుగులో పరీక్షకి కాస్త చదువుకుంటానని నసిగింది.

"ఎనిమిది దీపాలు చూడ్డానికే. వాటి వెలుగులో చదవకూడదు. వాటిని వెలిగించడానికి పెట్టిన ఈ తొమ్మిదోది వాడుకోవచ్చు" అంది రూతు ఇంగ్లీషులో. "కానీ ముందు తలుపు తుడిచి రా."

డో సరోజ రూతు వంకా తిరి వంకా చూసి, చెంగు దోపుకుని వెళ్లి తడిగుడ్డ తెచ్చింది. "తుడుసు తల్లీ. నువ్వు రాసిందే గదా" అని తెలుగులోనే అంటూ గుడ్డ తిరి చేతిలో పెట్టింది. తిరి తలొంచుకుని ఆఖరి అక్షరం దాకా తుడిచింది. తర్వాత వచ్చి రూతు పక్కన, తొమ్మిదో దీపం దగ్గర కూర్చుంది.

"పెట్టె మూసెయ్ పిన్నీ" అంది రూతు, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

తిరుగు విమానంలో నా పక్క సీటు ఖాళీ. అక్క ఫోన్లో చివాట్లు పెట్టడం అప్పటికే అయిపోయింది. ఖాళీ పెట్టె పైన పెట్టి, రూతు పేరు మీద కొన్న సీట్లోకి కాళ్లు చాపుకున్నాను. వృథా అయిన టికెట్టు చూసుకుని ఇంత గర్వపడటం నాకిదే మొదటిసారి.